కొస విరిగిన గాలం కర్ర

గాలం కర్ర విరిగింది నా వల్లే. మా క్వార్టర్ ముందు గదిలో, తలుపు పక్క మూలకు ఆనించి ఉండేది అది. ఆ పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చి, వాకిట్లో నుంచి పరుగెత్తుతూ ఇనుప తలుపును వెనక్కి నెట్టాను. మూల నుంచి జారిన కర్ర కొస తలుపు సందులో పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండిన కందికట్టె విరిగినంతే. వెనక్కి వచ్చి చూస్తే నాలుగు వేళ్ల పొడవు ముక్క, చివరన ఉండే చిన్న రింగుతో సహా, తంగూసు తీగకు వేలాడుతోంది.

మంచం మీద కూర్చున్న మా ఆయన చూశాడు. ఏమీ అనలేదు. అప్పటికి ఐదు నెలలుగా ఆయన దేనికీ ఏమీ అనడం లేదు.

ఆయన బొగ్గుబాయిలో పని చేస్తాడు. భూపాలపల్లిలో గనిని గని అనేవాళ్లు తక్కువ, అందరికీ అది బాయి. బొగ్గు తీసుకుంటూ పోయిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. ఐదు నెలల కింద ఒక ఫస్ట్ షిఫ్టులో కప్పు నుంచి బండ పడింది. జట్టులో అందరికంటే పెద్దాయన, ఏడాదిలో రిటైర్ కావలసిన మనిషి, అక్కడికక్కడే పోయాడు. మా ఆయన కుడి చెయ్యి నలిగింది. చిటికెన వేలు, ఉంగరం వేలు సగానికి తీసేశారు. మిగతా మూడింటికి ఎముకలు కలిపి కుట్టారు. ఆ చెయ్యి పనికొస్తుందా లేదా, మనిషిని మళ్లీ కిందికి దింపాలా, పైన ఏదైనా పనిలో పెట్టాలా అన్నది మెడికల్ బోర్డు తేల్చాలి. బోర్డుకు ఇంకా పదమూడు రోజులు ఉన్నాయి.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన మళ్లీ దిగొద్దు. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ చెయ్యి నయం కావొద్దని నేను మొక్కుకున్నాను. కట్టు విప్పిన రోజు నుంచి ప్రతి పొద్దునా దీపం పెట్టి అదే మొక్కాను. ఏ పెళ్లామైనా అట్లా మొక్కుతుందా అని నాకు నేనే భయపడేదాన్ని. మరుసటి పొద్దున మళ్లీ మొక్కేదాన్ని.

నేను కొడకండ్ల దగ్గరి ఊళ్లో పుట్టాను, జనగామలో డిగ్రీ చదివాను. మా బాపుది వ్యవసాయం. పెళ్లయి ఈ క్వార్టర్లకు వచ్చిన కొత్తలో సైరన్ మోగితే అది ఏ షిఫ్టుదో తెలిసేది కాదు. ఇప్పుడు పాపకు జడ వేస్తూ కూడా లెక్క తప్పను. వేళ కాని వేళ మోగిందంటే మా లైనులోని ఆడవాళ్లందరం ఒకేసారి వాకిళ్లలోకి వస్తాం. ఎవరం ఎవరినీ ఏమీ అడగం. చేతుల్లో పిండో, సబ్బు నురగో ఉంటుంది. బండ పడిన రోజు నా చేతిలో పాప అన్నం గిన్నె ఉంది. ఆ గిన్నెతోనే దవాఖానకు వెళ్లానని తర్వాత ఎవరో చెప్పారు.

బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి రావడం లేదని, వచ్చినా వాటి మధ్య ఏముందో తెలియడం లేదని ఆయన చెప్పేవాడు. మా దవాఖానలో డాక్టరు బల్ల మీద చొక్కా గుండీ ఒకటి పెట్టి తీయమంటే మూడుసార్లు జారవిడిచాడు. ఆయన చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. కొన్నాళ్లకు మా పాప పెట్టడం నేర్చుకుంది. మూడున్నరేళ్ల పిల్ల, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క గుండీకి ఒక్కొక్క నిమిషం తీసుకునేది. ఆయన కదలకుండా నిలబడేవాడు. అన్నం చెంచాతో, ఎడమ చేత్తో తినేవాడు.

ఆ ఐదు నెలల్లో ఆయన కోరి చేసిన పని ఒక్క చేపలు పట్టడమే. పక్క క్వార్టర్ అన్న బండి మీద ఎక్కించుకొని చెరువుకు తీసుకెళ్లేవాడు. ఎడమ చేత్తో గాలం వేసి, కర్రను చంకలో ఇరికించుకొని కూర్చునేవాడట. ఒకనాడు రెండు జెల్లలు, ఇంకోనాడు ఏమీ లేదు. చేప దొరికినా దొరక్కపోయినా తిరిగి వచ్చాక నాలుగు మాటలు మాట్లాడేవాడు. నీళ్లు తగ్గినయనో, కొంగలు వచ్చినయనో. ఆ నాలుగు మాటల కోసం నేను వంటింట్లో నుంచి చెవులు రిక్కించేదాన్ని. అట్లాంటి కర్రను నేను విరగ్గొట్టాను.

బాగు చేయాలని నేనే చూశాను. బజారులో సామాన్ల దుకాణానికి పోతే, కొస విరిగిన కర్ర ఎందుకమ్మా, పారేసి కొత్తది కొనుక్కో, లేదంటే వెదురు కట్టెకు తీగ కట్టుకో అన్నాడు దుకాణపాయన. నేను రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు తెచ్చాను. విరిగిన ముక్కను తిరిగి దాని మీదే పెట్టి, జిగురు పూసి, చుట్టూ టేపు చుట్టి రాత్రంతా ఆరబెట్టాను. పొద్దున ఆయన కర్ర పట్టుకొని కొసను నేలకు కొద్దిగా వంచాడు. అతుకు దగ్గర ఊడి వచ్చింది.

"అతుకు నిలువది. గుంజుడంతా కొస మీదనే పడ్తది," అన్నాడు. ఆ వారం చెరువుకు పోలేదు. అన్న వచ్చి బండి హారన్ కొట్టినా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పాపను టీకా కోసం అంగన్‌వాడీకి తీసుకెళ్లాను. రెండు గంటలు పడుతుందని చెప్పి వెళ్లాను. తీరా అక్కడ నర్సు రాలేదు, రేపు రమ్మన్నారు. ఎండలో నడిచి వచ్చేసరికి పాప నా భుజం మీద నిద్రపోయింది. ముందు తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పిలిస్తే పిల్ల లేస్తుందని వెనక వైపు చుట్టి వచ్చాను.

వెనక వాకిట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు ఆయన, నాకు వీపు సగం తిప్పి. ముందు నేల మీద దినపత్రిక పరిచి ఉంది. దాని మీద లైటరు, ఇనుము కోసే బ్లేడు, గరుకు కాగితం, నా కుట్టు డబ్బాలోని దారపు కండె, నా గోళ్ల రంగు సీసా.

విరిగిన ముక్కను ఎడమ చేత్తో పట్టుకొని, కొసకున్న రింగు కింద లైటరు మంట చూపించాడు. లోపలి పాత జిగురు కరిగింది కాబోలు, రింగును కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా తిప్పుతూ లాగాడు. రింగు ఊడి వచ్చింది. వేడికి ఆ వేళ్లు వెనక్కి పోయాయి, తర్వాత చెవి తమ్మెను పట్టుకున్నాయి. వేడి గిన్నె ముట్టుకుంటే మనమందరం చేసినట్టే. వాటి మధ్య ఏముందో ఆ వేళ్లకు బాగా తెలుసు.

తర్వాత కర్రను తీసుకున్నాడు. పీచులు లేచిన చోటుకు కొంచెం కింద బ్లేడుతో చుట్టూ గాటు పెట్టాడు. విరవలేదు. తిప్పుతూ, తిప్పుతూ కోశాడు. కోసిన చోట కర్ర రింగు గొట్టం కంటే లావుగా ఉంది. గరుకు కాగితాన్ని మూడు వేళ్లతో మడిచి పట్టి, అందులో కర్ర కొసను తిప్పడం మొదలుపెట్టాడు. పది తిప్పులు, ఒకసారి రింగు పెట్టి చూడటం. దిగలేదు. మళ్లీ పది తిప్పులు. ఎక్కువ రుద్దితే కర్ర బలం పోతుంది, తక్కువ రుద్దితే రింగు ఎక్కదు. ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టలేదు. నా భుజం మీద పాప బరువు పెరుగుతోంది. నేను మాత్రం కదల్లేదు.

రింగు దిగాక తీసి, జిగురు అద్ది మళ్లీ పెట్టాడు. ఒక కన్ను మూసి, కర్ర మొదలు నుంచి కొస దాకా చూశాడు. కర్ర పొడవునా ఉన్న రింగులన్నీ ఒకే వరుసలో రావాలి. కొసది ఇంచుక పక్కకు తిరిగినా తీగ రాసుకుపోతుంది. సరిచేసి, మళ్లీ చూసి, అప్పుడు దారం అందుకున్నాడు. రింగు గొట్టం మొదట్లో దారం చుట్లు ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా, పట్టు చీర అంచులో పోగులు కూర్చున్నట్టు కూర్చున్నాయి. చుట్టేది కుడి చెయ్యే. సగం వేళ్లు దూరంగా నిలబడ్డాయి, మూడు వేళ్లు పని చేశాయి.

నాకు సంతోషం కలగాలి. భర్త చెయ్యి బాగుపడింది. కలగలేదు. గుండీ జారవిడిచిన చెయ్యి ఇదేనా అనుకున్నాను. ఆ వెంటనే, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్క వాకిలి వైపు చూశాను.

నా నీడ పడి ఆయన తల తిప్పాడు. దారం వదల్లేదు. మిగిలిన చుట్లు పూర్తి చేసి, కొసను చుట్ల కిందికి లాగి, పళ్లతో తెంపి, అప్పుడు మాట్లాడాడు.

"చెయ్యి బాగనే ఉన్నది."

"ఎప్పటి సంది?"

"రెండు నెల్లాయె."

పాపను లోపల పడుకోబెట్టి వచ్చాను. ఆయన దారం మీద నా గోళ్ల రంగు పూస్తున్నాడు, నీళ్లు పట్టకుండా. రెండు నెలలుగా నేను అన్నం కలిపి పెట్టాను, గుండీలు పెట్టాను, పక్కన కూర్చొని వేళ్లకు నూనె రాశాను. కోపం రావలసింది. వచ్చింది భయమే. దిగడానికి భయమేస్తే భయమని నాకు చెప్పొచ్చు కదా, నేనేమైనా నవ్వుతానా అని అడిగాను.

"భయం గాదే," అన్నాడు. "చెవి పోయింది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, ఐదు నెలల తర్వాత. కొత్తగా తవ్విన చోటికి పోయేముందు కప్పును ఇనుప కర్రతో తట్టి చూస్తారు. కంగుమని మోగితే గట్టిది, దాని కిందికి పోవచ్చు. డొల్లగా మోగితే పైన బండ విడిపోయిందని అర్థం, వెనక్కి రావాలి. ఎవరు ముందు పోతే వాళ్లు తట్టాలి. ఆ రోజు ముందు పోయింది ఆయన. తట్టింది ఆయన. మూడుచోట్ల తట్టాడు. మూడుచోట్లా గట్టిగానే మోగింది. రా తాతా అని ఆ పెద్దాయనను పిలిచాడు.

"గట్టిగనే మోగింది," అన్నాడు మళ్లీ. "నా చెవుల ఇప్పటికీ గట్టిగనే మోగుతది. గా చెవి పెట్టుకొని నేను ఇంకొకన్ని రా అని ఎట్ల పిలువాలె?"

ఆ తర్వాతి మాటలు నావే, ఆయనవి కావు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు అన్నాను. బోర్డులో బల్ల మీద గుండీ పెడితే జారవిడువు. సూది పెడితే తడుము. చెవి సంగతి చెప్తే ఎవరూ నమ్మరు, చెయ్యి సంగతి నమ్ముతారు. నువ్వు పైన ఉంటే నాకు చాలు. ఆయన సీసా మూత బిగించి నా చేతిలో పెట్టాడు.

మూడో రోజు పక్క క్వార్టర్ అన్న వచ్చాడు. మా ఆయన జట్టుకు మేస్త్రీ ఈ అన్నే. బండ పడిన రోజు సెలవులో ఉన్నాడు. మాటకారి మనిషి, మా లైనులో ఎవరింట్లో ఏం కూర వండితే ఆ కూరకు పేరు పెట్టేవాడు. అరుగు మీద కర్ర చూసి తీసుకున్నాడు. కొస తిప్పి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు.

మా ఆయన నోరు తెరిచేలోగా నేనే చేశానన్నాను. గోళ్ల రంగు చూపించాను.

"అరె, చెల్లెకు గిది గూడ వచ్చునా? డిగ్రీల గాలం పాఠం గూడ చెప్తరా ఏంది?"

నవ్వాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు సాయంత్రం అన్న తన కర్రతో వచ్చాడు. దాని కొస కూడా విరిగి ఉంది. జిగురు, దారం, గరుకు కాగితం అన్నీ సంచిలో తెచ్చుకున్నాడు.

"జర గిదాన్ని గూడ చూడు చెల్లె. మీ వదిన సీకట్ల చీపురనుకొని వాకిలి ఊడ్వవోయింది. గిప్పుడే చెయ్యి, నేను గూడ చూసి నేర్చుకుంట," అని అరుగు మీద చతికిలబడ్డాడు.

కాదనడానికి ఏ సాకూ తోచలేదు. మా ఆయన గడప మీద కూర్చున్నాడు, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకొని. పాప ఆయన పక్కన కూర్చుంది. నేను లైటరు వెలిగించాను. చూసిన పనే కదా అనుకున్నాను. రింగు వేడెక్కింది, నా వేళ్లు కాలాయి, రింగు ఎగిరి మట్టిలో పడింది. వెతికి తెచ్చాను. బ్లేడు గాటు ఒక వైపే లోతుగా దిగి మళ్లీ పీచులు లేచాయి. గరుకు కాగితంతో రుద్దుతుంటే, నిదానంగా, చుట్టూ తిప్పు, ఒక్కదిక్కు రుద్దకు అని మా ఆయన చెబుతూ వచ్చాడు. రుద్దింది ఎక్కువైంది. రింగు వదులైంది. జిగురు పెట్టి సరిచేసేలోగా అది వంకరగా గట్టిపడింది. ఇక దారం. నేను చుట్టిన చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, మధ్యలో సందులు పడుతున్నాయి. చెమట కళ్లలోకి కారుతోంది. అన్న ఒక్క జోకు కూడా వేయడం లేదని అప్పుడు గమనించి తల ఎత్తాను.

అన్న దారం వైపు చూడటం లేదు. మా ఆయన ఒడి వైపు చూస్తున్నాడు. నేను తప్పుగా చుట్టిన ప్రతిసారీ అక్కడ ఆ మూడు వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి. బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతోంది, లేని దారాన్ని బిగిస్తోంది, సందు మూస్తోంది. మా ఆయన చూపు నా చేతుల మీదే ఉంది. తన చెయ్యి కదులుతున్నట్టు ఆయనకు తెలియదు.

నేను దారం అక్కడే ముడి వేసేశాను. అయిపోయిందన్నా అన్నాను. అన్న లేచి, కర్ర తీసుకొని, మంచిగుంది చెల్లె అన్నాడు. నేను గేటు దాకా వెళ్లాను. అక్కడ మెల్లగా అన్నాడు:

"రెండు కర్రలు ఒక్క చెయ్యి చేసినయి గావు."

"నీకెందుకన్నా గది?"

"నాకు గాక ఇంకెవనికి? వాని జాగల కొత్తోన్ని ఇస్తరు. వానికి కప్పు తట్టుడు రాదు. వాని ఎనుక నడిచేది నేను, ఇంకో ఐదుగురు." కాసేపు కర్ర కొసను వేలితో తడుముతూ నిలబడ్డాడు. "నేను ఎవ్వలకు చెప్ప. నీ ఇంటి సంగతి. కని నాకు ఎరుకైందని వానికి చెప్పకు. సిగ్గువడ్తడు."

నేను చెప్పలేదు. కర్ర బాగయ్యాక ఆయన మళ్లీ అన్న బండి మీద చెరువుకు పోతున్నాడు. అన్న ఎవరితో మాట్లాడుతున్నా మా సంగతే అనుకునేదాన్ని. పొద్దున పాప గుండీలు పెడుతుంటే, ఆయన చెయ్యి కదులుతుందేమోనని కిటికీ మూసేదాన్ని. ఒక గుండీ బల్ల మీద పెట్టి జారవిడవడం అభ్యాసం చేయించాను. అవును, నేనే చేయించాను. చేతనైన పని చేతకానట్టు చేయడం కష్టం. ఆయన మరీ తొందరగా జారవిడిచేవాడు. ఇంకాసేపు తడిమి విడువు అని చెప్పాను. మా పాప కూడా పక్కన కూర్చొని తన గుండీ జారవిడిచి నవ్వేది. అది ఆట అనుకుంది.

బోర్డు రోజు ముగ్గురం బస్సులో వెళ్లాం. చెల్పూర్ దాటేటప్పుడు పాప పవర్ ప్లాంట్ పొగ గొట్టాలను చూసి మబ్బులు అక్కడే చేస్తారా అని అడిగింది. బోర్డు కూర్చునే పెద్ద దవాఖానలో గది బయట బెంచీ మీద మమ్మల్ని కూర్చోబెట్టి, ఆయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. పావుగంటలో వస్తాడనుకున్నాను. గంట దాటింది. మధ్యలో ఒకసారి బయటికి వచ్చి, కాంపౌండర్ వెంట ఇంకో గదికి వెళ్లి, మళ్లీ లోపలికి వెళ్లాడు. నా వైపు చూడలేదు. ఇంకో గదికి ఎందుకో నాకు అంతుచిక్కలేదు.

బయటికి వచ్చినప్పుడు చేతిలో కాగితం ఉంది. నేను లాక్కున్నంత పని చేశాను. కింద పని చేయడానికి ఫిట్ అని రాసి ఉంది.

బస్టాండులో కూర్చున్నాక చెప్పాడు. ముందు బల్ల మీద సూది పెట్టి తీయమన్నారట. పెట్టగానే తీశాడట. తర్వాత తనే చెప్పాడట: సార్, చెయ్యికి ఏం గాలేదు, నాకు కప్పు చప్పుడు తెలుస్తలేదు, నన్ను పైన వెయ్యిండ్రి అని. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెట్టి సన్నటి చప్పుళ్లు వినిపించారు. అన్నీ వినిపించాయి. చెవులు బాగున్నాయి, చెయ్యి బాగుంది. వాళ్లలో ఒకాయన భుజం తట్టి, వారం దిగితే అదే పోతుంది అన్నాడట.

ఎందుకు చెప్పావని అడిగాను. అందరూ తిరిగి చూసేంత గట్టిగా అడిగాను.

"నా జాగల కొత్తోడు వస్తడని అన్న జెప్పిండు చెరువు కాడ. వాడు చచ్చినా నాదే పాపం. నేను దిగి ఎవ్వడన్న చచ్చినా నాదే. గందుకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. చెప్తె అర్థమైతదనుకున్న."

నేనాయనకు అబద్ధం నేర్పాను. ఆయన నిజం చెప్పాడు. అబద్ధమే చెప్పి ఉంటే పైన ఉండేవాడేమో. ఈ మాట నేను ఎప్పుడూ ఆయనతో అనలేదు. అనకపోయినా ఆ రోజు బస్సులో మా ఇద్దరి మధ్య అదే కూర్చుంది.

ఆయన దిగి ఇప్పటికి రెండు నెలలు దాటింది. మొదట్లో అన్న ముందు నడిచి, తనే కప్పు తట్టేవాడు. నువ్వు తట్టకు, ఎనుక రా అన్నాడట. పది రోజులు అట్లా గడిచింది. తర్వాత అన్నకు షిఫ్టు మారింది. మా ఆయన వంతు వచ్చింది. తట్టాడు. డొల్లగా ఉంది, వెనక్కి పోదాం అన్నాడు. అందరూ వచ్చారు. పై అధికారి వచ్చి తట్టి చూసి, గట్టిగా ఉందన్నాడు. షిఫ్టంతా ఏమీ కూలలేదు. వారం తర్వాత మళ్లీ అట్లాగే. మూడోసారి జట్టులోని ఇద్దరు ఆయన మాట వినకుండా ముందుకు పోయారు. ఏమీ కాలేదు. ఇప్పుడు ఆయనను డొల్లన్న అని పిలుస్తున్నారు. కూరగాయల బండి దగ్గర ఒకామె, డొల్లన్న భార్య అని నన్ను ఇంకొకామెకు చూపించింది. నాకు బాధ కలగలేదు. ఆ పేరుతో పిలిపించుకునే మనిషి రోజూ ఇంటికి వస్తున్నాడు.

మొన్న మెమో వచ్చింది. సరైన కారణం లేకుండా మూడుసార్లు పని ఎందుకు ఆపావో రాతపూర్వకంగా చెప్పాలని. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి జవాబు నేనే రాయాలి. నిన్న రాత్రి ఆయన సెకండ్ షిఫ్టు నుంచి వచ్చేలోగా రాసి పెట్టాను. ఉద్యోగం పోకుండా, తప్పు ఒప్పుకున్నట్టు లేకుండా, ఎదిరించినట్టు లేకుండా. గతంలో జరిగిన ప్రమాదం వల్ల బహుశా నేను పొరపాటుగా విని ఉండవచ్చు, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను అని.

అన్నం తిన్నాక ఆయనకు చదివి వినిపించాను. చెయ్యి కడుక్కొని వచ్చి కాగితం తీసుకొని మళ్లీ తనే చదువుకున్నాడు.

"పొరపాటున విన్ననని రాయకు," అన్నాడు. "గట్ల రాస్తే రేపు నేను డొల్ల అన్నా ఎవ్వడు ఆగడు. ఆ రోజు నిజంగ డొల్లుంటె?"

అట్లా రాయకపోతే పనిలో నుంచి తీసేస్తారేమో అన్నాను. తీసేస్తే తీసేయనియ్యి అనలేదు ఆయన. నేను కావాలనుకున్నది కూడా అదే కదా, పైన ఉండటం. కానీ ఇట్లా కాదు, పని చేతకాని మనిషని ముద్ర వేయించుకొని కాదు.

కొత్త కాగితం తీసుకున్నాను. తారీఖు, పేరు, నంబరు రాశాను. కింద రాశాను: ఆ మూడు రోజులూ కప్పు తట్టినప్పుడు నాకు డొల్లగా వినిపించింది. అందుకే జట్టును వెనక్కి పిలిచాను. ఇకముందు వినిపించినా పిలుస్తాను.

ఆయన సంతకం పెట్టాడు. ఈ పొద్దున ఆఫీసు తెరవగానే ఇవ్వాలి.